యావరేజ్ ముప్పై

2023 వర్షాకాలం. విజయనగరం దాటి భోగాపురం వైపు వెళ్ళే రోడ్డు మీద నా మెకానిక్ షాపు. రెండు బళ్ళు లోపల, నాలుగు బళ్ళు బయట పట్టేంత రేకుల షెడ్డు. అప్పటికి ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్ళు. నాకు నోరు కాస్త ఎక్కువ. బండి చూస్తూ బండివాణ్ణి నాలుగు మాటలనకపోతే పని చేసినట్టే ఉండదు. వాళ్ళూ నవ్వుకుంటూ వెళ్తారు. ఆ నోరే ఒక మనిషి చావులో పాలు పంచుకుందని ఇప్పుడు నాకనిపిస్తుంది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

పైడిరాజు నా పాత గిరాకీ. గజపతినగరం వైపు పల్లెలో ఇల్లు. భోగాపురం దగ్గర రొయ్యల ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ఇంటి నుంచి ప్లాంటుకి నలభై రెండు కిలోమీటర్లు. మధ్యలో రైల్వే గేటు, ఆ తర్వాత టౌను, టౌను దాటాక నా షాపు, అక్కణ్ణుంచి ఖాళీ రోడ్డు. ప్లాంటు గేటు ఎనిమిదికి మూసేస్తారు. ఒక్క నిమిషం దాటినా వెనక్కి పంపేస్తారు. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు వెనక్కొచ్చాడు. మూడోసారి ఆలస్యమైతే ఇక రావద్దని సూపర్‌వైజర్ మొహం మీదే చెప్పాడట.

ఒకరోజు సాయంత్రం పని నుంచి వస్తూ షాపు దగ్గర ఆగాడు. "మావా, బండి లాగట్లేదు. గంటన్నర పడతంది. ఇంజను ఇప్పి సూడు" అన్నాడు.

నడిపి చూశాను. ఇంజను బంగారంలా ఉంది. కొత్త రకం డిజిటల్ మీటరున్న బండి అది. మీటరు పక్కనున్న బటన్ నొక్కితే యావరేజ్ స్పీడ్ కనిపిస్తుంది. నొక్కాను. ఇరవై ఎనిమిది.

"ఇరవై ఎనిమిదా? నాను అరవైలో వస్తన్నాను మావా! మీటరు పాడైపోనాదేటి?"

"మీటరు బాగానే ఉన్నాది. నువ్వే బాగోలేవు. మా ఆవిడ స్కూటీ మీద కూరలకెళ్ళొచ్చినా ఇరవై ఎనిమిది వస్తాది" అన్నాను. షాపులో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. పైడిరాజు కూడా నవ్వాడు గానీ మొహం చిన్నబోయింది.

తెలియనివాళ్ళ కోసం ఇక్కడో మాట చెప్పాలి. స్పీడోమీటర్ ఆ క్షణంలో బండి ఎంత వేగంతో పోతోందో చెబుతుంది. యావరేజ్ స్పీడ్ అది కాదు. వెళ్ళిన దూరాన్ని, తాళం ఆన్‌లో ఉన్న మొత్తం సమయంతో భాగిస్తే వచ్చే అంకె. రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన సమయం, జంక్షన్లో బస్సు వెనక పాకిన సమయం, రోడ్డు మీద పడుకున్న గేదె లేచేదాకా ఆగిన సమయం, అన్నీ అందులోనే కలిసిపోతాయి. అరవైలో వెళ్తున్నాననుకునే మనిషికి మా వైపు రోడ్ల మీద ముప్పై రావడం కూడా కష్టమే. వెళ్ళిన కిలోమీటర్లు లెక్కపెట్టే ట్రిప్ మీటరుతో పాటు దీన్నీ సున్నా చేసుకోవచ్చు. దాన్ని రీసెట్ అంటాం. సర్వీసింగ్ చేసిన ప్రతి బండికీ నేను చివర్లో చేసే పని అదే.

ఇదంతా ఆ రోజు పైడిరాజుకి చెప్పలేదు. బటన్ ఎలా నొక్కాలో, రీసెట్ ఎలా చేయాలో మాత్రం చూపించాను. "రోజూ ఇంటికాడ సున్నా సేసి బయల్దేరు. ఎంత పెరిగిందో నాకు సూపించు" అన్నాను.

నిజంగానే చూపించడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్న ప్లాంటు గేటు దగ్గర మీటరుకి ఫోన్లో ఫోటో తీసేవాడు. సాయంత్రం నా షాపు దగ్గర ఆగి ఆ ఫోటో ముందు పెట్టేవాడు. ఇరవై తొమ్మిది. మళ్ళీ ఇరవై ఎనిమిది. మళ్ళీ ఇరవై తొమ్మిది. షాపులో ఎవరుంటే వాళ్ళు ఒక మాట వేసేవారు. "ఏటి బావా, పాస్ మార్కులింకా రాలేదా?" అనేవాడు పక్క పంక్చర్ షాపతను. నేను ఇంకాస్త ఎక్కించేవాణ్ణి. ముప్పై దాటితే అందరికీ టీలు నావే అన్నాను.

పది రోజుల తర్వాత ముప్పై ఒకటి చూపించాడు. టీలు తెప్పించాను. పైడిరాజు మొహం వెలిగిపోయింది. "ఏడూ యాబైకే గేటు కాడున్నాను మావా. సూపరైజరు నోరు మూతబడిపోనాది" అన్నాడు. ఎలా వచ్చిందిరా అంకె అని నేను అడగలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవమున్న మెకానిక్‌ని, అడగాల్సింది నేనే.

ఆ మర్నాడు గురువారం. రాత్రంతా కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. రోజూ నా షాపు ముందు నుంచి వెళ్ళేటప్పుడు పైడిరాజు చెయ్యెత్తేవాడు. ఆ రోజు ఎత్తలేదు. వంగి కూర్చుని దూసుకుపోయాడు. "ఒరే, ఎగిరిపోతన్నావేటి!" అని వెనక నుంచి అరిచి నవ్వుకున్నాను. రైల్వే గేటు దగ్గర గూడ్సు అడ్డంగా ఆగిపోయి ఎనిమిది నిమిషాలు పోయాయని నాకు తర్వాత తెలిసింది.

షాపుకి పద్నాలుగు కిలోమీటర్ల అవతల లచ్చయ్య అనే ముసలాయన సైకిలు వెనక పచ్చగడ్డి మోపు కట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. పైడిరాజు బండి ఆయన్ని గుద్దేసింది. పైడిరాజుకి భుజం దగ్గర ఎముక విరిగింది. లచ్చయ్య మూడోరోజు ఆసుపత్రిలో పోయాడు.

పోలీసులూ, బ్రేకులు పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరూ చూసి వదిలాక బండిని ఆటో ట్రాలీలో నా దగ్గరికి తెచ్చారు. హ్యాండిల్ వంగిపోయింది, హెడ్‌లైట్ లేదు. ఫుట్‌రెస్టు సందులో ఎండిన గడ్డి ఇరుక్కుని ఉంది. దాన్ని లాగడానికి నాకు చెయ్యి రాలేదు. ఊడిన బ్యాటరీ వైరు తగిలించి తాళం తిప్పాను. మీటరు వెలిగింది. ట్రిప్ ముప్పై నాలుగు కిలోమీటర్లు. యావరేజ్ ముప్పై.

నిదానంగా అరవైలో పోయిన రోజు ఇరవై ఎనిమిది. మనిషిని చంపిన రోజు ముప్పై. తేడా రెండే. గేటు దగ్గర నిలబడ్డ ఎనిమిది నిమిషాలూ, టౌనులో పాకిన సమయమూ కలిసి ఆ చివరి పద్నాలుగు కిలోమీటర్ల వేగాన్ని పూర్తిగా మింగేశాయి. నేను రీసెట్ చేయలేదు. ఫోన్లో ఫోటో తీసి ఉంచాను.

పోలీసు కేసు ఒకపక్క నడుస్తోంది. మరోపక్క లచ్చయ్య ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుంటామన్నారు. దానికి ముందురోజు పైడిరాజు చేతికి పట్టీతో నా దగ్గరికొచ్చి బండి మీటరు చూశాడు.

"మావా, నువ్వొచ్చి ఒక్క మాట సెప్పాల."

"ఏటి సెప్పాల?"

"మీటర్లో యావరేజ్ ముప్పై ఉన్నాదని. అబద్దం కాదు కదా. ఉన్నదే కదా."

"నిజంగా ఎంతలో ఉన్నావురా ఆ టయానికి?"

వాడు తల దించుకున్నాడు. "అదడక్కు మావా. జైలుకెల్తే నా ఇద్దరాడపిల్లల్నీ ఎవులు సూస్తారు?" అన్నాడు.

వెళ్ళాను. పాలకేంద్రం రేకుల షెడ్డు కింద కుర్చీలు వేశారు. పెద్దమనుషులు నలుగురు. ఒక మూల నేల మీద లచ్చయ్య భార్య సూరమ్మ కూర్చుని ఉంది. మీటరు ఫోటో చూపించి, యావరేజ్ స్పీడ్ ముప్పై అని చెప్పాను. నేను మెకానిక్‌నని, పనిలో ఇరవై రెండేళ్ళున్నానని కూడా చెప్పాను. ఆ మాటకి వాళ్ళ దగ్గర ఎంత బరువుంటుందో నాకు తెలుసు.

"ముప్పయ్యంటే సైకిలు కంటే ఓ పిసరెక్కువ. కుర్రోడు నెమ్మదిగానే వచ్చినాడు. లచ్చయ్యకి సెవుడు కదా. సూసుకోకుండా అడ్డంగా వచ్చీసుంటాడు" అన్నాడు పెద్దాయన. మిగతా ముగ్గురూ తలూపారు.

సూరమ్మ లేచి నిలబడింది. "మీరిచ్చీదీ నాకొద్దు, పెట్టీదీ నాకొద్దు. మా ముసలోడు రోడ్డు దాటినప్పుడు సైకిలాపి, సెయ్యి సాపి, రెండేపులా సూసి దాటతాడు. నలబై ఏళ్ళు నా కళ్ళతో సూసినాను. సెవుడే గానీ గుడ్డోడు కాదు. ఆయన తప్పు కాదని ఒక్కులు సెప్పండి, సాలు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నాయనా, బండి తగిలినప్పుడు ముప్పై మీదే ఉన్నాదా?"

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది చాలా తేలిక. 'యావరేజ్ వేరమ్మా, ఆ నిమిషం వేగం వేరు, ఈ అంకె నీ మొగుడి తప్పుని గానీ ఒప్పుని గానీ చెప్పలేదు' అంటే సరిపోయేది. పైడిరాజు నన్నే చూస్తున్నాడు.

"మీటర్లో ముప్పై ఉన్నాదమ్మా" అన్నాను.

ఆవిడ మెల్లగా కూర్చుంది. ముసలాయనదే పొరపాటని పెద్దలు తేల్చేశారు.

తిరిగి వస్తుంటే పైడిరాజు నా బండి వెనక కూర్చున్నాడు. షాపు దగ్గర దిగాక వాడే అన్నాడు. "ఎనబై రెండు మావా. ఆ ముందు సెకనే సూసినాను. ముసలోడు సెయ్యి సాపే ఉన్నాడు. గేటు కాడ పోయింది రాబట్టుకుందామనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదో నా మీదో తెలియలేదు. స్పేర్ పార్ట్స్ వచ్చిన అట్టపెట్టె ముక్క తీసి దాని మీద లెక్క రాశాను. నా షాపు నుంచి ప్లాంటు దాకా ఉన్న రోడ్డులో ఖాళీగా దొరికేది పదహారు కిలోమీటర్లు. అరవైలో వెళ్తే పదహారు నిమిషాలు. ఎనభైలో వెళ్తే పన్నెండు. "సూడు. ప్రాణాలకి తెగించి నువ్వు సంపాదించేది నాలుగు నిమిషాలు. గేటు కాడ పోయిన ఎనిమిదిలో సగం కూడా దాటదు" అన్నాను.

"నాలుగేనేటి?" అన్నాడు. ఆ అట్టముక్కనే చూస్తూ నేల మీద కూలబడి ఏడ్చాడు. "ఈ లెక్క ముందే సెప్పలేకపోనావా మావా?"

వాడి ఇంజన్ బాగుందని తెలిసిన రోజే, ఇరవై నిమిషాలు ముందు బయల్దేరమని చెప్పి పంపించి ఉండాల్సింది. దానికి బదులు అంకె చూపించి, నలుగురిలో వాణ్ణి నవ్వులపాలు చేశాను. పైడిరాజు ప్లాంటు పని మానేశాడు. మళ్ళీ బండెక్కలేదని విన్నాను. నా షాపు వైపు రాలేదు.

రెండు నెలలకి మనసు పట్టక సూరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఎదురుగా నిలబడి చెప్పేశాను. ఆ రోజు నేను పూర్తి మాట చెప్పలేదని, బండి ఎనభై మీద ఉందని, ముసలాయన చెయ్యి చాపే ఉన్నాడని, ఆయన తప్పు ఇసుమంత కూడా లేదని చెప్పాను. పోలీసు స్టేషన్లో కూడా ఇదే చెబుతానన్నాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు. పిక్కలు తీస్తూనే, "ఇప్పుడొచ్చిందేటి నాయనా మీటరుకి మాట?" అంది. ఇంకో పిక్క తీసి పక్కన పడేసి, "నాకు తెలీక అడిగినాననుకున్నావేటి? ఆ నలుగురికీ ఇనబడాలని అడిగినాను" అంది.

స్టేషన్‌కి వెళ్ళి రాసిచ్చాను. కేసు ఇంకా నడుస్తోంది. ఆ ఊళ్ళో మాత్రం లచ్చయ్య చూసుకోకుండా రోడ్డు దాటి పోయాడనే ఇప్పటికీ అంటారు. పెద్దాయనకి కూడా వెళ్ళి చెప్పాను. "అయిపోయిందాన్ని మళ్ళీ తవ్వుతావేటి" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు డిజిటల్ మీటరున్న బండి ఎవరు తెచ్చినా, అడిగినా అడక్కపోయినా, యావరేజ్ అంటే ఏమిటో కూర్చోబెట్టి చెబుతాను. నాలుగు నిమిషాల లెక్క అట్టముక్క మీద రాసి చూపిస్తాను. ఎవరి అంకె ఎంతైనా ఎగతాళి చేయను. మీటరు చూపించిన అంకె నిజమే కావచ్చు గానీ, అది ఏం చెప్పడం లేదో చెప్పాల్సిన పని మెకానిక్‌దేనని నాకు ఆ కేసుతో తెలిసింది. సూరమ్మ అడిగిన దానికి జవాబు రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉన్నాను. ఆ రోజు పాలకేంద్రం షెడ్డు కింద ఆ నలుగురికీ వినబడేలా మాత్రం చెప్పలేకపోయాను.