టైపు పిన్ని పూసిన తెల్లరంగు

డయాలసిస్ సెంటరులో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ టైపు పిన్నే. యాభై ఏడేళ్లు. నిమిషానికి అరవై మాటలు కొట్టిన చెయ్యి. కంప్యూటర్లొచ్చాక టైపు మిషన్లు తూకానికి పోయాయి గానీ పిన్ని పోలేదు. నలభై ఆరో ఏట మౌసు పట్టింది. మొదటి వారం దాన్ని చూసి భయపడిందంటే నవ్వకండి, మనమంతా అంతే.

ఆవిడ పని వినడానికి చిన్నది. పన్నెండు మిషన్లు, రోజుకి మూడు టర్నులు. ఎవరు ఏ రోజు, ఏ వేళకు, ఏ మిషను దగ్గర పడుకోవాలో వారం వారం షీటు వేయడం. అయితే పిన్ని షీటులో చివర ఇంకో వరుస ఉంది. ఆ టర్ను ఆ మనిషికే ఎందుకిచ్చిందో ఆ కారణం అందులో రాసుకునేది. బస్సు డ్రైవరుకి మూడో టర్ను, పొద్దుటి డ్యూటీ పోకూడదని. పసిపిల్లల తల్లికి రెండోది, పిల్లలు బడిలో ఉండే వేళ. చెవులు వినపడని తాతగారికి సిస్టర్ల బల్లకి ఎదురు మిషను, పిలుపు వినబడకపోయినా మనిషి కనబడాలని.

ఆ గురువారం పొద్దున షీటు మొరాయించింది. వచ్చే వారం టర్నులు అతికిద్దామని నొక్కేసరికి తెరమీద ఓ పెట్టె లేచింది: మెమరీ చాలదు, ఈ పని పూర్తి చేయడం కుదరదు. మూసి తెరిచినా మళ్లీ అదే పాట. వారంలో ఇది నాలుగోసారి. మేనేజరు మంచివాడే పాపం, మెల్లగా చెప్పాడు.

"పిన్నిగారూ, రెండింటికల్లా లిస్టు రాకపోతే ఇంక నా చేతుల్లో లేదండీ. హెడ్డాఫీసు వాళ్ల యాప్ పెట్టేస్తాను. దానంతటదే టర్నులు పంచేస్తుంది."

"దానంతటదే అంటే? డ్రైవరుకి పొద్దున్న పడితే?"

"పడితే పడినట్టేనండీ."

పిన్నికి బెంగ పట్టుకుంది. తన ఉద్యోగం గురించి కాదు, అది ఎలాగూ మరో ఏడాదే. డెబ్బై ఇద్దరి బతుకులు చూసి చూసి వేసుకొచ్చిన టర్నులవి. ఒక్క పూటలో చెల్లాచెదరైతే ఆ డ్రైవరు కొలువు ఊడుతుంది, ఆ పిల్లల తల్లికి దిక్కుతోచదు.

తప్పదురా దేవుడా అనుకుని ఫోను తీసింది. తనకు తెలిసినవాళ్లలో షీట్ల సంగతి ఆనుపానులతో సహా తెలిసింది ఆడపడుచుకే. భర్తకి అక్క. గణాంకాల ఆఫీసులో ముప్పై ఏళ్లు వీటితోనే కుస్తీ పట్టి రిటైరైంది. పని రాక్షసి, నోరు కత్తి. ఆవిడ భర్త చివరి రెండేళ్లూ ఈ సెంటరులోనే ఏడో మిషను దగ్గర గడిచాయి. ఆయన పోయి నాలుగేళ్లు. అప్పట్నుంచీ ఆవిడ ఈ గుమ్మం తొక్కలేదు.

"వదినా, షీటు చచ్చింది. రెండింటిలోగా బతకాలి. ఒక్కసారి రాగలరా?"

"అక్కడికా?"

"ఆఫీసు గదిలోకే వదినా. మిషన్ల వైపు రానక్కర్లేదు."

"సరే. మిగతా ఫైళ్లన్నీ మూసెయ్. దేన్నీ ముట్టుకోకు."

పదకొండింటికి వచ్చింది. కుర్చీ లాక్కుంటూనే అంటించింది. "సొంత మరదలు ఇక్కడుండీ మా ఆయనకి పొద్దున్న ఆరింటి టర్ను పడేశావు. రెండేళ్లు నాలుగున్నరకి లేచాను. అయినా వచ్చాను చూడు."

పిన్నికిది కొత్తేం కాదు. మౌసు ఆవిడ వైపు జరిపింది.

ఆడపడుచు రెండు మీటలు కలిపి నొక్కింది. కర్సరు ఒక్క దూకులో షీటు అడుగుకి పోయింది. పది లక్షల చిల్లర వరుసలు!

"ఏమమ్మాయ్, డెబ్బై మందికి పది లక్షల వరుసలా? పరుగుపందెం పెడతావా ఏంటి?"

"అవన్నీ ఖాళీవే కదా వదినా."

"ఖాళీయా! నిలువునా తెల్లరంగు పూశావు. నీ కంటికి ఖాళీ. దీనికి మాత్రం ప్రతి గడిదీ రంగు మొయ్యాల్సిందే. ఊపిరాడక చస్తోంది. తెల్లదాని మీద తెల్లరంగెందుకు తల్లీ?"

పిన్ని తలొంచుకుంది. టైపు రోజుల్లో తప్పు పడితే చిన్న సీసాలోంచి తెల్లమందు పూసేది. ఆ అలవాటే. సెంటరు వదిలిన వాళ్ల పేర్లు తీసెయ్యకుండా, అక్షరాలకీ గడికీ తెల్లరంగు పూసి, ఎందుకైనా మంచిదని అడుగుదాకా లాగేసేది.

"డిలీట్ కొట్టడానికి చెయ్యి రాలేదు వదినా. కొత్త కిడ్నీతో వెళ్లినవాళ్లున్నారు. పోయినవాళ్లూ ఉన్నారు."

ఆడపడుచు ముందు ఫైలుకి నకలు తీసింది. ఖాళీ వరుసలన్నీ కోసేసింది. మిగిలినవాటికి తెల్లరంగు తీసేసరికి పాత పేర్లు నల్లగా పైకి తేలాయి.

"ఈ కారణాల వరుస కూడా తీసేద్దాం. బండెడు రాత. ఇంకా తేలికవుతుంది."

"వద్దొదినా!" పిన్ని మౌసు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ముప్పై ఏళ్లలో ఆవిడకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. "షీటుకి ప్రాణమే అది."

"అంత ఘనంగా ఏం రాశావో చూద్దాం," అని ఆడపడుచు చదువుతూ పోయి ఒకచోట ఆగిపోయింది. ఏడో మిషను. ఆరింటి టర్ను. భర్త పేరు. పక్కన పిన్ని రాత: 'సూదంటే భయం, పైకి చెప్పరు. పొద్దుటి సిస్టరు చెయ్యి మెత్తన. ఆమె డ్యూటీ మారితే ఈయన టర్ను కూడా మార్చాలి.'

"నాకెందుకు చెప్పలేదే?"

"బయటపడితే అందరూ ఆవిడే కావాలంటారు. మిగతా సిస్టర్ల మనసు చివుక్కుమంటుంది. పైగా అన్నయ్యగారు చెప్పొద్దన్నారు. మగాణ్ణి, సూదికి భయపడ్డానంటే మా ఆవిడ పదేళ్లు నవ్వుతుందన్నారు."

"పదేళ్లా! బతికుంటే ఇరవయ్యేళ్లు నవ్వేదాన్ని," అని ఆడపడుచు నిజంగానే నవ్వింది. నవ్వుతూనే కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ తర్వాత కారణాల వరుస జోలికి పోలేదు. పాత పేర్లన్నిటినీ కారణాలతో సహా వేరే ఫైలులోకి మార్చింది. ఇప్పుడు అతికిస్తే ఏ పెట్టే లేవలేదు. ఒంటిగంటన్నరకి లిస్టు మేనేజరు చేతిలో ఉంది. ఎవరి టర్ను వాళ్లదే.

"మీ రుణం ఎలా తీర్చుకోను వదినా? డెబ్బై ఇద్దరి తరఫునా చెబుతున్నాను," అంది పిన్ని.

"రుణం నీదా, నాదా? నోర్మూసుకో. ఆ సిస్టరు ఇంకా ఇక్కడే చేస్తోందా?"

"ఉంది. రెండింటికి డ్యూటీ దిగుతుంది."

ఆడపడుచు లేచి మిషన్ల గది వైపు నడిచింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. "నువ్వూ రా అమ్మాయ్. నాకు భయంగా ఉంది."

పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి సిస్టరుని చూపించింది. ఆడపడుచు సిస్టరు రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది.

"అయ్యయ్యో అమ్మా, ఇప్పుడే గ్లవుజులు తీశాను, చేతులింకా కడుక్కోలేదు," అని సిస్టరు కంగారుపడిపోయింది.

ఆవిడ వదల్లేదు.