నిబంధనలు చదివిన మనిషి

అమెరికాలో, సన్నీవేల్ ఆఫీసులో నేను సొంతంగా రాసిన మొదటి వెబ్ పేజీ నిబంధనల పేజీ. చిన్న పెట్టెలో బారెడు ఒప్పందం ఉంటుంది. దాన్ని మౌస్‌తో చివరిదాకా జరిపితే తప్ప ‘ఐ అగ్రీ’ బటన్ పనిచెయ్యదు. జనం చేత చదివించే ఏర్పాటు చేశానని నాకు లోలోపల మహా గర్వం.

దాన్ని టెస్ట్ చేసింది మా టీంలోని వరంగల్ అక్క. ఆమెకు చూపు లేదు. తెరమీది మాటలను స్క్రీన్ రీడర్ గబగబా చదివి వినిపిస్తుంది. నాకు గొణుగుడులా తోచే ఆ వేగంలోనే ఆమె అన్నీ వినేస్తుంది.

“ఆఖరి మాట దాంక విన్న తమ్ముడూ. బటన్ ఇంకా పనిజేస్తలేదు.”

“మౌస్‌తో స్క్రోల్ చెయ్యాలక్కా.”

“మౌస్ నేనేం జేసుకోవాలె?” అని నవ్వింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క ముక్కా చదవకుండా మౌస్ చక్రం గిర్రున తిప్పినవాళ్లను లోపలికి రానిచ్చి, ప్రతి మాటా విన్న మనిషిని గుమ్మంలో నిలబెట్టాను. ఆ పూటే పేజీ మార్చాను. పెట్టెలోకి ట్యాబ్ కీతో వెళ్లి బాణం కీలతో జరపవచ్చు, బటన్ మొదటినుంచీ పనిచేస్తుంది.

అక్క మళ్లీ కూర్చుంది. మళ్లీ మొత్తం వింది. “ఏడో పాయింట్ నాకు నచ్చలే” అంటూ ‘ఐ అగ్రీ’ పక్కనున్న ‘ఐ డిజగ్రీ’ బటన్ నొక్కింది.

పేజీ తెల్లబోయింది. స్క్రీన్ రీడర్ కిక్కురుమనలేదు.

“ఏమైంది తమ్ముడూ?”

“దాన్ని ఎవరూ నొక్కరనుకున్నానక్కా. ఆ బటన్ వెనక ఏమీ రాయలేదు.”