మూత లోపలికా, బయటికా?

వెబ్‌సైట్లు తయారుచేయడం నా బతుకుతెరువు. బషీర్‌బాగ్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో గది కిరాయికి తీసుకుని, నేనూ ఇంకో అమ్మాయీ పని చేసుకుంటాం. చీరల కొట్లవాళ్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు మా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. ఎవరొచ్చినా మేం చేసే పని ఇంచుమించు ఒకటే. ఫొటోలు తీయిస్తాం, సరుకును రకాలుగా విడగొడతాం, పైన వెతుక్కునే పెట్టె, కింద కొనే బటన్ పెడతాం. ఇలా చేయడం నాకు బాగా వచ్చుననే అనుకునేదాన్ని, కుక్కర్ల దుకాణం పని ఒప్పుకునేదాకా.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తుంటే ఒక సందులో ఉంటుంది ఆ దుకాణం. ప్రెషర్ కుక్కర్లకూ మిక్సీలకూ విడిభాగాలు అమ్ముతారు. ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి సందులోనే ఆగాలి. లోపల గోడంతా రేకు డబ్బాలు, ఒక్కదానిమీదా చీటీ లేదు. యజమాని యాభై దాటిన మనిషి. ఆయనకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దదైన అక్క కౌంటర్ వెనక ఎత్తుపీట మీద కూర్చుని ఉండేది. వాళ్లది పాలమూరు వైపు కూలి చేసుకుని బతికిన కుటుంబం. తండ్రి పట్నం వచ్చి ఇళ్ల కట్టుబడిలో మట్టి మోసి, తర్వాత ఫుట్‌పాత్ మీద కిరోసిన్ స్టవ్వులు బాగుచేయడం నేర్చుకున్నాడట. ఆయన పక్కన కూర్చుని పిన్నులు అందిస్తూ పెరిగింది అక్క. ఐదో తరగతితో బడి మానేసింది.

ఎప్పుడో తయారీ ఆగిపోయిన కుక్కర్లకు కూడా వాళ్ల దగ్గర భాగాలు దొరుకుతాయని పేరు. దూరపు ఊళ్ల నుంచి ఫోన్లు వస్తుండటంతో యజమానికి ఆన్‌లైన్ ఆలోచన వచ్చింది. నేను నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. తెల్ల కాగితం మీద ఒక్కో రబ్బరు రింగూ, ఒక్కో విజిలూ పెట్టి ఫొటోలు తీశాం. కంపెనీ పేరు, మోడల్, భాగం నంబరు, సైజు వరసగా ఎక్కించాం. చూడటానికి సైటు అందంగా వచ్చింది. ఆయన పక్క దుకాణాలవాళ్లకు ఫోన్ చూపించి మురిసిపోయాడు.

నెల గడిచింది. రోజూ జనం సైటుకు వస్తున్నారని లెక్కలు చెబుతున్నాయి. కొనేవాళ్లు మాత్రం ఎక్కడో ఒకరు. ఆ కొన్నవాటిలోనూ సగం, సైజు సరిపోలేదని తిరిగొచ్చేవి. ఆయన కోప్పడలేదు. ఒకరోజు నేను వెళ్తే చాయ్ తెప్పించి, నెమ్మదిగా అడిగాడు.

"మేడం, జనం వస్తున్నరంటున్నరు గద. గాడికొచ్చి ఏం జేస్తున్నరు?"

ఎంతమంది వచ్చారో, ఎంతసేపు ఉన్నారో, ఏ పేజీ దగ్గర వెళ్లిపోయారో చెప్పగలను. వాళ్లు దేనికోసం వచ్చారో, ఏది కనబడక తిరిగిపోయారో చెప్పలేను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదని అప్పుడే తట్టింది. తెలుసుకోవాలని గట్టిగా అనిపించింది. ఒక వారం దుకాణంలో కూర్చోవడానికి అనుమతి అడిగాను. ఆయన నవ్వి, మిక్సీ జార్ల పెట్టె ఒకటి బోర్లించి కూర్చోమన్నాడు.

చేతిలో నోటుబుక్కు పెట్టుకుని నేను చేసింది ఒకటే పని. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ మొదట అన్న మాటను అన్నట్టుగా రాసుకోవడం. నాంపల్లి కోర్టు నుంచి నల్లకోటుతోనే వచ్చిన వకీలు దగ్గర్నుంచి, రైలు దిగి సంచితో నేరుగా వచ్చిన ముసలాయన దాకా, ఒక్కరంటే ఒక్కరు కూడా మోడల్ నంబరు చెప్పలేదు. చాలామంది కంపెనీ పేరు కూడా చెప్పలేదు. కొందరు మూతను పాత చీరముక్కలో చుట్టి తెచ్చారు. ఒకాయన దారం ముక్క తెచ్చి ఇంత వెడల్పు అన్నాడు. ఒకావిడ రెండు చేతులతో గాలిలో గుండ్రంగా చూపించింది. అడిగిన మాటలూ రకరకాలే. రబ్బరు, రింగు, వాషర్, బెల్టు, చివరికి 'లోపలి గాజు' కూడా. వాటన్నిటికీ నేను సైటులో పెట్టిన పేరు గాస్కెట్. ఆ మాట వారం మొత్తంలో రెండుసార్లు వినబడింది. ఎక్కువమంది వస్తువు పేరుకు బదులు బాధ చెప్పారు. పక్కనుంచి నీళ్లు కారుతున్నాయనో, సీటీ రావట్లేదనో, పప్పు ఉడకట్లేదనో.

అక్క అవన్నీ విని మూడు ప్రశ్నలు అడిగేది. మూత లోపలికి పోయేదా, బయట కూసునేదా? ఇంట్ల ఎంతమంది? ఎక్కడ కారుతున్నది, పిడి దగ్గరనా, ఎదురుంగనా? ఆ తర్వాత లేచి, చూడకుండానే ఒక డబ్బాలో చేయిపెట్టి రబ్బరు తీసి ఇచ్చేది. కొన్నిసార్లు ఏమీ తీసేది కాదు. మూత అంచు మీద వేలు నడిపించి, రబ్బరు మంచిగనే ఉంది, అంచు సొట్ట పోయింది, ఫలానా సందులో సరిచేయించుకో అని పంపేసేది. బేరం పోగొట్టుకుంటోందేమని నేను తమ్ముడి వైపు చూస్తే ఆయన అలవాటైనవాడిలా బిల్లులు సర్దుకుంటూ ఉండేవాడు.

ఇంట్లో ఎంతమంది అని అడగడం నాకు మొదట వింతగా అనిపించింది. ఎన్ని లీటర్లు అని ఎందుకు అడగరని అడిగాను.

"లీటర్లు ఎవరికెరుక బిడ్డా? ఇంట్ల ఎంతమందికి వండుతరో అందరికెరుక," అంది.

ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాను. నేను కట్టిన సైటు, అడగడానికి వచ్చినవాళ్లకు తెలియని సంగతులనే ముందు అడుగుతోంది. వాళ్లకు తెలిసినవి దానికి అక్కరలేదు. జనం గాడికొచ్చి ఏం చేస్తున్నారో నాకు అర్థమైంది. జవాబు చెప్పలేక వెళ్లిపోతున్నారు.

ఈసారి కంప్యూటర్ ముట్టుకోలేదు. పాత క్యాలెండర్ కాగితాలు ఫోన్ సైజులో కత్తిరించి, వాటి వెనక బొమ్మలూ ప్రశ్నలూ రాసి, దుకాణానికి వచ్చినవాళ్ల ముందు పెట్టాను. ఇదే ఫోన్ అనుకుని వేలితో నొక్కమన్నాను. ఒకటి నొక్కితే దాని తర్వాతి కాగితం ముందుకు జరిపేదాన్ని. వచ్చినవాళ్లకు ఇది సరదాగా ఉండేది. నాకు మాత్రం ప్రతి కాగితం దగ్గరా ఒక తప్పు దొరికేది. మొదటి కాగితం మీద మూత లోపలికి పోయేదొకటి, బయట కూర్చునేదొకటి, రెండు కుక్కర్ల ఫొటోలు అతికించాను. ఒకావిడ చాలాసేపు చూసి, నాది ఇందులో లేదంది. ఆవిడది లోపలికి పోయే మూతే. ఎందుకు లేదన్నారంటే, నాది నల్ల కుక్కరు కదా అంది. రంగు ఆవిడను తప్పుదారి పట్టించింది. మర్నాటి నుంచి ఫొటోలు తీసేసి గీతల బొమ్మలు పెట్టాను. ఆ బొమ్మలకు అక్కే సాయం చేసింది. మూతను కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి ఇచ్చింది.

కొలత దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పాత రబ్బరును కొలవమని రాశాను. అక్క తల అడ్డంగా ఊపింది. వేడికి పాత రబ్బరు కొంత సాగుతుంది, కొంత ముడుచుకుంటుంది, దాన్ని నమ్మొద్దు, గిన్నె మూతిని కొలవమని చెప్పు అంది. మొదటి నెలలో తిరిగొచ్చిన రబ్బర్లన్నీ ఎందుకు తిరిగొచ్చాయో అప్పుడు తెలిసింది.

పది రోజుల్లో కొత్త సైటు నమూనా నా ఫోన్‌లోకి వచ్చింది. తెరవగానే రెండు గీతల బొమ్మలు, మూత లోపలికా, బయటికా? తమ్ముడు ఫోన్ తీసుకుని కస్టమర్ల ముందే ఒక్కో ప్రశ్నా పైకి చదివాడు. చివరికి సరైన రబ్బరు తెర మీదికి వచ్చేసరికి సంతోషం పట్టలేక అన్నాడు.

"ఇంక మా అక్క లేకున్నా దుకాణం నడుస్తది."

అందరూ నవ్వారు. అక్క కూడా కొంచెం నవ్వింది. మర్నాడు ఆమె దుకాణానికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. తమ్ముడు ఫోన్ చేస్తే మోకాళ్లు నొస్తున్నాయంది. ఆయన ముఖం వాడిపోయింది. తానన్న మాటే కారణమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నా నోటుబుక్కుకు కూడా అందులో వాటా ఉందనిపించి, కాచిగూడలో ఆమె ఇంటికి వెళ్లాను.

ఆమె బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. రమ్మని చాప చూపించింది. నేను క్షమించమని మొదలుపెడితే చేత్తో ఆపేసింది. తమ్ముడు మాట తూలే మనిషేనని, తాను రానిది దానికి కాదని చెప్పింది. బియ్యం ఏరుతూనే అడిగింది, వాల్వు కోసం వచ్చిన పిల్ల గుర్తుందా అని. గుర్తుంది. మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కొత్తగా పెళ్లయినట్టున్న అమ్మాయి వచ్చి సేఫ్టీ వాల్వు అడిగింది. నా నోటుబుక్కులో ఆ మాటే ఉంది.

"నేను అడిగింది రాసుకున్నవ్ బిడ్డా. నేను జూసింది రాసుకోలే. ఆ పిల్ల చేతులు వణుకుతుండె. గది నీ బుక్కుల ఉన్నదా?"

లేదు. ఆ రోజు జరిగింది మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకున్నాను. అక్క వాల్వు తీయలేదు. ముందు ఆ అమ్మాయిని తన పీట మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పొయ్యి మీద ఏం పెట్టావని అడిగింది. అంచుదాకా పప్పు పోసి పెట్టిందట, వాల్వు పేలి పప్పు పైకప్పుకు కొట్టిందట. అక్క మూత తీసుకుని వెలుతురుకు పట్టి, విజిలు కూర్చునే గొట్టంలోకి సూది పోనిచ్చి ఎండిన పప్పు తీసి చూపించింది. ఇది మూసుకుంటే కొత్త వాల్వు వేసినా మళ్లీ పేలుతుందని, కుక్కర్లో సగానికి మించి పప్పు పోయొద్దని చెప్పి, అప్పుడు వాల్వు ఇచ్చింది. ఇదంతా నా కళ్ల ముందే జరిగినా నేను రాసుకున్నది రెండే మాటలు. నా సైటులో అయితే ఆ అమ్మాయి వాల్వు బొమ్మ నొక్కి, కొనుక్కుని, మళ్లీ అదే పప్పు అంతే పోసి ఉండేది.

ఏం చేద్దామని ఆమెనే అడిగాను. వాల్వు పేజీలో కొనే బటన్ తీసేయమంది. ముందు ఫోన్ చేయమని రాయమంది. ఫోన్ ఎవరెత్తుతారంటే, నేనే ఎత్తుతా అంది. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా, జర రద్దీ తక్కువ ఉండే పొద్దు. ఇంకో కోరిక కూడా కోరింది. ప్రతి ప్రశ్న కింద 'తెలియదు' అనే బటన్ ఉండాలి, అది నొక్కినవాళ్లకూ అదే నంబరు కనబడాలి. మర్నాడు దుకాణానికి వచ్చింది. ఆమె వచ్చేసరికి ఎత్తుపీట మీద కొత్త మెత్త వేసి ఉంది.

సొట్ట పోయిన అంచుల గురించి, మూసుకున్న గొట్టాల గురించి ఒక పేజీ రాశాం. 'ఇవి చూసుకోండి, కొనాల్సిన పని ఉండకపోవచ్చు' అని. కొత్త సైటు మొదలైన రెండు మూడు వారాలకు ఎక్కువమంది చదువుతున్నది ఆ పేజీనే అని తేలింది. తమ్ముడికి అది మింగుడు పడలేదు. ఇది చదివి జనం కొనకుండా పోతున్నారు కదా అన్నాడు.

"పోతే పోనీ," అంది అక్క. "వచ్చే యాడాది రబ్బరు గట్టిపడితే యాడికి పోతరు?"

ఆ పేజీ అలాగే ఉంది. అమ్మకాలు ఒక్కసారిగా ఏమీ పెరగలేదు, మెల్లగా పెరిగాయి. తిరిగొచ్చే సరుకు మాత్రం దాదాపు ఆగిపోయింది. ఫోన్లు ఎక్కువయ్యాయి. ఒకరోజు నేనక్కడ ఉండగా అక్క ఫోన్ చెవికి పెట్టుకుని రెండుసార్లు 'ఏంది?' అని, నా చేతికి ఇచ్చింది. అవతల శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ, కుక్కరు కూత రావట్లేదండి అంటోంది. మా అమ్మమ్మవాళ్లూ కూత అనే అనేవారు. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. కూతంటే సీటీయేనని చెబితే అక్క పెద్దగా నవ్వింది. ఆ సాయంత్రం మా అమ్మకూ, పిన్నికీ, ఆఫీసులో అమ్మాయికీ ఫోన్లు చేసి, విజిల్‌ను ఎవరెవరు ఏమంటారో అడిగి రాసుకున్నాను. కూత, సీటీ, వెయిట్, గుండు, బరువు. వెతికే పెట్టెలో ఏది కొట్టినా అదే వస్తువు వచ్చేలా చేశాం.

ఇప్పుడు ఎవరి పని ఒప్పుకున్నా ముందు వారం రోజులు వాళ్ల దుకాణంలో కూర్చుంటాను. కొందరు ఒప్పుకోరు, కొందరు టైం వృథా అనుకుంటారు. మొన్నీమధ్య కుక్కర్ల దుకాణం నుంచే మళ్లీ పిలుపు వచ్చింది, మిక్సీల విడిభాగాలు కూడా సైటులో పెడదామని. మిక్సీకి మొదటి ప్రశ్న ఏమిటని అక్కను అడిగాను. ఎట్ల మొత్తుకుంటున్నది అని అడుగుతానంది. గర్రుమంటే ఒకటి పోయినట్టు, కీచుమంటే ఇంకోటి, మూలిగితే మరోటి. మూడూ నోటితో చేసి చూపించింది. దీన్ని తెర మీద ఎలా అడగాలో నాకు తోచలేదు. చివరికి బాగుచేయడానికి వచ్చిన మిక్సీలను ఒక్కోటీ నడిపి ఆ చప్పుళ్లు ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాం. తమ్ముడు గుమ్మంలో నిలబడి, సందులో హారన్ కొట్టే బండ్లవాళ్లను జర ఆగమని బతిమాలుతున్నాడు. అక్క ప్రతి చప్పుడూ కళ్లు మూసుకుని విని, ఇది కాదు, మళ్లీ పెట్టు అంటోంది.