గుట్టమీది దర్వాజా

మొన్న మా అల్లుడు ఎల్లారెడ్డి అవతలి గుట్టకోటకు పోయివచ్చి ఫోనులో ఫొటోలు చూపించాడు. యాభై దాకా చూశాను గానీ, ఎందులోనూ కోట దర్వాజా లేదు. పోయిన వానలకే కూలిందట!

నేను కామారెడ్డిలో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరిన కొత్తలో, బడిపంతులైన మా చిన్నాయన, ఆ దర్వాజా కమాను పగిలిందనీ, పడిపోయేలోగా దానిమీది రాతి సింహాలను ఫొటో తీసి పైవాళ్లకు పంపితే మరమ్మతు చేయిస్తారేమోననీ నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఉన్నది ఒక్కటే రీలు. రీలంటే ముప్ఫయ్యారు బొమ్మలేనని మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. కొడవలితో కంప నరుక్కుంటూ, ఎండలో ఆచితూచి ముప్ఫై తీశాను.

దిగబోయేసరికి గుట్ట కింది ఊరివాళ్లు కట్టెలతో దర్వాజాకు అడ్డం నిలబడ్డారు. సంచి, కొడవలి, నరికిన పొదలు చూసి గుప్తనిధుల దొంగలమనుకున్నారు. చిన్నాయన ఎంత చెప్పినా వింటేగా!

"ఏంది గా డబ్బల? ఇప్పుతవా, పలగ్గొట్టమంటవా?" అని ఒకాయన కెమెరా పట్టి గుంజాడు. వెలుతురు తగిలితే తీసిందంతా పోతుందని బతిమాలాను. అనుమానం ఇంకా ముదిరింది. తీసిన రీలును వెనక్కి దాని చిన్న డబ్బీలోకి చుట్టుకుందామని పిడి తిప్పబోతే, ఏదో దాస్తున్నానని చెయ్యి పట్టుకున్నారు. చిన్నాయన మీదికి కట్టె లేచింది. మూత నేనే తెరిచాను.

లోపల రీలు తప్ప ఏముంటుంది? అందరూ తలలు దించుకున్నారు. మేకలు కాసే ఒక అవ్వ మాత్రం, "మా గుట్టది ఏం కొంటబోతలేరు గదా, ఇగ నన్నొకటి తియ్యి బిడ్డా" అంటూ దర్వాజా కింద నిలబడింది. ఏడుపూ కోపమూ ముంచుకొస్తున్నా కాదనలేక, మూత బిగించి ఆ డబ్బీలోనే ఉండి వెలుతురు తగలని రీలుమీద ఒకటి నొక్కాను.

రీలు కడిగితే అదొక్కటే నిలిచింది. అవ్వ తలపైన రెండు సింహాలు, మధ్యన పగులు. చిన్నాయన దాన్నే పంపాడు గానీ జవాబు రాలేదు.

ఆ ఊరివాళ్లను ఎన్నేళ్లు తిట్టుకున్నానో! మొన్న అల్లుణ్ణి సింహాలేమయ్యాయని అడిగాను.

"ఎవరో ట్రాక్టర్ల ఏసుకపోయిండ్రట మామా. ఎవరడుగుతరు?" అన్నాడు.

ఒట్టి డబ్బాకోసం మమ్మల్ని కొట్టబోయిన ఆ మనుషులే ఉండి ఉంటే, ఆ సింహాలు గుట్ట దిగేవా?