డబ్బాకు బొట్టు పెట్టిన రోజు

నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. తనకు నచ్చని మాట వస్తే కలం ఆపి నా మొహం చూస్తుంది. అదీ రాయమంటాను.

మాది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధి. నా మొగుడు చెక్కేవాడు, నేను రుద్దేదాన్ని. నీళ్లు పోసుకుంటూ సానరాళ్లతో రుద్దుతూ పోతే అమ్మవారి బుగ్గ మీద చెయ్యి జారిపోవాలి, అప్పటికి పని అయినట్టు. ఆయన పోయాక కూడా నేను ఆ పని మానలేదు. వీధిలో ఎవరు చెక్కినా విగ్రహం చివరికి నా పంచలోకే వస్తుంది.

పోయిన వానాకాలం గిన్నెలు తోముకునే గచ్చు మీద జారి పడ్డాను. నడుము పట్టేసి లేవలేకపోయాను. అరిచాను, కానీ అన్ని ఉలి చప్పుళ్లలో నా బొంగురు గొంతు ఎవరికి వినపడుతుంది? పాల ప్యాకెట్టు ఇంకా గడపలోనే ఉందని ఎదురింటి దర్జీ చూసి లోపలికి వచ్చాడు. సాయిబుల పిల్లోడు, నన్ను అక్కా అంటాడు.

నంద్యాల నుంచి కూతురు పరుగెత్తుకొచ్చింది.

"ఇంక చాలుమా. నా దగ్గరికి వచ్చెయ్."

"ఆడ నేనేం చేయాల? మీ మేడ మీద కూర్చోని కాకులను తోలాల్నా?"

చాలా రోజులు వాదులాడుకున్నాం. చివరికి అల్లుడు ఎక్కడో విని, అగ్గిపెట్టె అంతటి తెల్ల డబ్బాలు తెచ్చాడు. వంటింట్లో ఒకటి, నడవలో ఒకటి, గచ్చు దగ్గర ఒకటి గోడకు అంటించాడు. నేను ముందర నుంచి పోతే చిన్న ఎర్ర లైటు మినుక్కుమంటుంది. నేను తిరుగుతున్నట్టు నంద్యాలలో కూతురి ఫోనుకు తెలుస్తుంది. చానా సేపు ఏ కదలికా లేకపోతే ఆ ఫోను గోల చేస్తుంది.

"ఇది నన్ను ఫొటో తీస్తాదా?" అని అడిగాను.

"తీయదుమా. నువ్వు కదిలినట్టు మాత్రం తెలుస్తాది."

"అయితే కానీలే."

కూతురు ఊరికే ఒప్పుకోలేదు. డబ్బా పలక్క, ఫోను చేస్తే నేనూ పలక్కపోతే, ఆ రోజే బట్టలు సర్దుకుని నంద్యాలకు పోవాలని మాట తీసుకుంది. నేను ఇచ్చాను. నా ఇల్లు, నా పని, అన్నీ ఆ మాట మీదే నిలబడ్డాయి.

డబ్బాలతో నాకు బాగానే స్నేహం కుదిరింది. పొద్దున లేవగానే వంటింటి డబ్బా ముందు చెయ్యి ఊపేదాన్ని. కాసేపటికి ఫోను.

"ఏందిమా, ఈ పొద్దు వంటింట్లో అంత సేపు ఉండావ్?"

"ఉగ్గాని చేసుకున్నా."

"బజ్జీలు గూడానా?"

"అది గూడా చెప్తాదా నీ డబ్బా?"

"అది చెప్పదులే, నాకు తెల్దా నీ సంగతి."

అట్లా సాగుతుండగా దసరా వచ్చింది.

మా వీధిలో ఆయుధపూజ అంటే పెద్ద పండగ. ఉలులు, సుత్తులు, సానరాళ్లు కడిగి వరసగా పేర్చి గంధం, కుంకుమ పెడతాం. ఏడాదంతా మనకు చాకిరీ చేసిన పనిముట్టుకు ఆ రోజు విశ్రాంతి. మరునాడు మళ్లీ హారతి ఇచ్చేదాకా దాన్ని ముట్టకూడదు. ఆ ఒక్క రోజు వీధిలో ఉలి చప్పుడు వినపడదు. దర్జీకి కూడా ఏటా మూర పూలు ఇస్తాను. కుట్టుమిషను మీద వేసుకుని ఆ పూట కుట్టడు.

మా ఆయన ఉలులకు, నా సానరాళ్లకు బొట్లు పెట్టాక గోడ మీది డబ్బాలు కనపడ్డాయి. రాత్రీ పగలూ నన్ను కాచేది ఇవే కదా, వీటికి మాత్రం పండగ వద్దా అనుకున్నాను. మూడింటికీ మొహం నిండా గంధం పూసి, కుంకుమ దిద్ది, బంతిపూలు చుట్టాను. నా ఫోనుకు కూడా బొట్టు పెట్టి సుత్తి పక్కన కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం అది మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. దర్జీ తన గడపలో నుంచి కేకేశాడు.

"అక్కా, నీ ఫోను మోగుతాంది."

"మోగనీప్పా. ఈ పొద్దు దానికి సెలవు."

"నాకూ సెలవే గానీ, నన్ను పిలిస్తే పలుకుతాండా గదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నేను పూర్ణం పెట్టి ఓలిగలు కాల్చుకోవడానికి వంటింట్లోకి పోయాను. డబ్బా మినుక్కుమనలేదు. పండగ పూట అదీ కునుకు తీస్తోంది పాపం అనుకున్నాను.

పెనం మీద ఓలిగ తిరగేస్తుంటే వాకిట్లో అల్లుడి మోటారుసైకిలు ఆగింది. కూతురు చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చింది. నన్ను చూసి గోడకు ఆనుకుని ఏడ్చేసింది. (ఇక్కడ కలం ఆగింది. రాయమన్నాను.)

"ఫోను ఎందుకు ఎత్తలేదుమా?"

"పూజలో ఉండాదే. ఎట్లా ముట్టేది?"

ఆమె ఫోనును చూసింది, గోడ మీది డబ్బాను చూసింది. ఏడుపులోనే నవ్వు వచ్చేసింది. "కన్ను మూసేసినావు గదమా దానికి" అంది.

దానికి కన్ను ఉందని నాకెవరు చెప్పారు? నా మొగుడు ఎన్ని విగ్రహాలకు కళ్లు తెరిచాడో, నేను ఒక్క పూటలో మూడింటికి మూసేశాను.

నవ్వు అయిపోయాక ఆమె కళ్లు తుడుచుకుంది. "నవ్వినా మాట మాటే. సర్దుకో. దారి పొడుగునా నా ప్రాణం నాలో లేదు."

నాకు పోవాలని లేదు. కానీ మాట ఇచ్చినదాన్ని. సంచి తెచ్చి చీరలు పెట్టాను. సానరాళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇవి పూజలో ఉండాయి, రేపటిదాకా ముట్టేది లేదు. ఇవి లేకుండా నేను రాను."

"సరే, రేపే పోదాం" అంది. అల్లుడు అప్పటికే రెండో ఓలిగ మీద నెయ్యి పోసుకుంటున్నాడు.

మరునాడు హారతి ఇచ్చి సానరాళ్లను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి సంచిలో వేస్తున్నాను. వీధిలో ఉలులు మళ్లీ మొదలయ్యాయి. పంచలో సగం రుద్దిన అమ్మవారు ఉంది. ఒక బుగ్గ మెరుస్తోంది, ఇంకోటి గరుకు.

"రాళ్లు ఎందుకుమా, నంద్యాలలో ఏం రుద్దుతావ్?"

"మీ మేడ మెట్లు రుద్దుతా. నున్నగా చేస్తా, ఎక్కినోళ్లు ఎక్కినట్టే జారాల."

కూతురు చానా సేపు నవ్వింది. తర్వాత అమ్మవారి గరుకు బుగ్గ తడిమి చూసి, రాళ్లు బయటికి తీసి ఆమె ముందు పెట్టింది. తడిగుడ్డ తెచ్చి వంటింటి డబ్బా మొహం మెల్లగా తుడిచింది. నేను చెయ్యి ఊపాను. ఎర్ర లైటు మినుక్కుమంది, పక్కనే ఆమె చేతిలో ఫోను కుయ్‌మంది.

కూతురు పోయే ముందు దర్జీ నంబరు రాసుకుంది. "అన్నా, డబ్బా పలక్కపోతే నీకు చేస్తా" అంది.

"చేయమ్మా. నాకు మాత్రం బొట్టు పెట్టొద్దని అక్కకు చెప్పు" అన్నాడు.

ఈ దసరాకు డబ్బాల అంచుకే బొట్టు పెడతాను, కన్ను వదిలేసి. అమ్మవారి రెండో బుగ్గ కూడా నున్నబడి గుడికి పోయింది. పొద్దున్నే ఇప్పటికీ ఫోను వస్తుంది.

"లేచినావామా?"

"నన్నెందుకు అడుగుతావ్, నీ డబ్బానడుగు."