బానెట్ కింద బొట్టు

మా పాత బండికి నొసలు ఎక్కడుందో నాకు చూపించింది మా ఆయనే. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే చివరికి తప్పంతా నా మీదికే వచ్చింది.

మాది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. ఆయనకు బొల్లారంలో మందుల కంపెనీలో ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో ఊరి నుంచి సంగారెడ్డి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కంపెనీ బస్సు. అది తప్పిపోతే షేర్ ఆటోలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కొలువు పర్మనెంటైన ఏడాది తెల్లటి డీజిల్ బండి ఒకటి ఇంటికి తెచ్చారు. జీపు మాదిరి ఎత్తుగా, వెనక ఎదురెదురు సీట్లతో ఉండేది. ఆ దసరాకు గడ్డపార, కొడవళ్లు, కుట్టుమిషను వరసగా పెట్టి పూజ చేస్తున్నాను. బండి చక్రాలకు బొట్లు పెట్టాను, స్టీరింగుకు పెట్టాను. ఆయన బానెట్ ఎత్తి, "దీనికి గూడ పెట్టు, అసలు పని చేసేది ఇదే" అన్నారు. లోపలికి చూస్తే అన్నీ గొట్టాలు, తీగలు.

"ఏడ పెట్టాలె? దీనికి మొఖమేదో నాకు తెలుస్తలేదు" అన్నాను.

ఆయన నవ్వి, ఒక పక్కన చదునుగా ఉన్న ఇనుప పట్టీ మీద వేలు పెట్టారు. దాని మీద ఏవో అక్షరాలు, అంకెలు కొట్టి ఉన్నాయి.

"ఇగ ఇదే దాని నొసలు. రాత గూడ రాసున్నది, సూడు."

ఆయన వేళాకోళానికి అన్నారు. నేను నిజమనే తీసుకున్నాను. గంధం పూసి, పసుపు అద్ది, నడుమ కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను. ఇంజను వేడికి పొడి కుంకుమ రాలిపోతుందని నువ్వుల నూనెలో కలిపి మరీ పెట్టాను. అలా పద్దెనిమిది దసరాలు. దసరాలే కాదు, దూరం పోయే ప్రతిసారీ, కొత్త టైర్లు వేయించినప్పుడల్లా, ఏదైనా గండం తప్పినప్పుడల్లా అక్కడ ఒక బొట్టు పడేది. పాతది తుడిచి కొత్తది పెట్టాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. దేవుడికి పెట్టింది తుడుస్తామా?

నిజానికి ఆ బండిని నేను చూసినదానికంటే విన్నదే ఎక్కువ. ఊరి మొదట్లో కల్వర్టు ఉంది. దాని దగ్గర గేరు మార్చేటప్పుడు ఇంజను మనిషిలాగా ఒకసారి దగ్గేది. ఆ దగ్గు వినపడితే నేను పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేదాన్ని. చూపు మందగించిన మా అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, "వచ్చిండు" అనేది. నీళ్లు మరిగేలోపు ఆయన గుమ్మంలో ఉండేవారు.

ఒకనాడు పగటిపూట, పారిశ్రామికవాడలో ఏదో కంపెనీలో మంటలు లేచాయని ఊళ్లో గగ్గోలు. ఏ కంపెనీయో ఎవరికీ తెలియదు. ఆయనకు ఫోను కలవడం లేదు. నేను దేవుడి గూడు ముందు కూర్చుని నామం చెప్పుకుంటూనే ఉన్నాను గానీ, చెవులు మాత్రం కల్వర్టు దగ్గరే ఉన్నాయి. పొద్దు వాలుతుండగా అక్కడ ఆ దగ్గు వినపడింది. అత్తమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే ఏడ్చేవాళ్లం. మంటలు లేచింది ఆయన కంపెనీలో కాదట. ఆ రోజు దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞతలో సగం ఆ ఇంజనుకే చెప్పుకున్నాను. బానెట్ ఎత్తించి బొట్టు కూడా పెట్టాను.

ఆ బండికి నేను ఇంకొకటి కూడా బాకీ ఉన్నాను. నేను బడికి పోలేదు. మా అమ్మ చేటలో బియ్యం పరిచి తెలుగు అక్షరాలు దిద్దించింది. ఆ చదువుతోనే నేటికీ పారాయణ చేసుకుంటున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఈ బండిలోనే వచ్చాయి. ఆదివారాలు రుద్రారం గణేశుని దర్శనం చేసుకుని పటాన్‌చెరు అంగడికి పోయేటప్పుడు, ముందు పోయే లారీల నంబర్లు ఆయన నా చేత చదివించేవారు.

"అది ఎనిమిది కాదు, బీ. బీకి వీపు సక్కగ ఉంటది. ఎనిమిదికి నడుమట్ల నొక్కినట్లుంటది."

ఇస్నాపూర్ దగ్గర బండ్లు ఆగిపోతే నా పాఠం ముందుకు సాగేది. రోడ్డు ఖాళీగా ఉన్న వారం చదువు తక్కువ. అందరూ ట్రాఫిక్‌ను తిట్టుకుంటుంటే నేను లోలోపల సంతోషించేదాన్ని.

రెండేళ్ల కిందట అత్తమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు పటాన్‌చెరులో ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకుపోవాలి. పోయేటప్పుడు ఫర్వాలేదు, తిరుగు ప్రయాణమే చూడలేం. సూది తీసిన చేతిని ఒళ్లో పెట్టుకుని, బండి అదిరినప్పుడల్లా పళ్లు బిగబట్టేది. సిగ్నల్ దగ్గర ఆగినా ఆ అదురు ఆగదు. పొగ లోపలికి కొట్టి వాంతులయ్యేవి. నేను ఆమె చేతి కింద దిండు పెట్టి, దిండు కింద నా చెయ్యి పెట్టి కూర్చునేదాన్ని. దారిలో కంది ఊరు దాటేసరికి నా చెయ్యి తిమ్మిరెక్కేది. ఆమె మాత్రం ఒక్కనాడూ నొప్పి అనలేదు. "ఇంకెంత దూరమున్నది బిడ్డా?" అని అడిగేది, అంతే.

బండికి పదిహేనేళ్లు దాటి, కాగితాలు ఒకసారి పొడిగించుకున్నాం కూడా. ఇక చాలనుకున్నారు ఆయన. పటాన్‌చెరులో షోరూమ్‌కు పోయి హైబ్రిడ్ కారు ఒకటి నడిపి చూసి వచ్చారు. మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ మీద నడుస్తుందట. ఆగితే ఇంజను దానంతటదే ఊరుకుంటుందట. చార్జింగు పెట్టే పని లేదట, పెట్రోలు కొంచెమే తాగుతుందట. ఇవన్నీ చెప్పి, చివర ఒక మాట అన్నారు: "అదురే లేదే. అమ్మ పండుకోని రావొచ్చు."

నాకు ఆ ఒక్క మాట చాలు. అయితే పాత బండిని షోరూమ్ వాళ్లు మార్పిడిలో తీసుకుంటేనే కొత్తది మాకు అందుతుంది. లేకపోతే లేదు.

అత్తమ్మే ఒప్పుకోలేదు. "సప్పుడు లేని బండి ఏం బండిరా? నువ్వు వచ్చినవని నాకెట్ల ఎరుకైతది?"

"కల్వర్టు కాడ నేనే దగ్గుతనే అమ్మా" అన్నారు ఆయన.

"నీ దగ్గు గంత దూరం ఇనొస్తదా? ఆ ఇంజనుకున్న ఊపిరి నీకేడిది?"

ఒక ఉదయం షోరూమ్ నుంచి పాత బండ్లను చూసే మనిషి వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ఫోను. టైర్లు చూశాడు, తలుపులు తట్టాడు, ఇంజను తిప్పి విన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. చివరికి బానెట్ కిందికి వంగి చాలాసేపు లేవలేదు.

"అక్కా, జెర ఇట్ల రా" అని పిలిచాడు. "గిదేంది? హల్వానా?"

నా పద్దెనిమిదేళ్ల బొట్లు. వేలి మందాన పేరుకుని, నల్లబడి, నూనెతో మెరుస్తూ ఉన్నాయి.

"బొట్టన్నా. పూజది" అన్నాను.

"మంచిగున్నది. కాని దీని కింద చాసిస్ నంబరుంటదక్కా. ఆ నంబరు లేకుంటె బండే లేనట్టు."

ఆ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెల అచ్చు పడాలట. ఆ కాగితం లేనిదే బండి చేతులు మారదట. గుడ్డతో పైపైన తుడిచి రుద్దాడు. కాగితం మీద నూనె మరక, మబ్బు పట్టిన చంద్రుడిలాంటి మచ్చ ఒకటి పడింది. మా ఆయన వైర్ బ్రష్ తెస్తానని లేస్తే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"గీకొద్దన్నా. ఒక్క అంకె చెరిగినా నంబరు మార్చిన్రని రిజిస్ట్రేషన్ ఆఫీసోళ్లు కాగితాలు ఆపుతరు. ఎల్లుండి మళ్లొస్త. అచ్చు సాఫ్‌గ పడితె బండి మాది. పడకుంటె నన్నేం అనొద్దు."

అతను గేటు దాటాడో లేదో, మా ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా తల్లీ! నీ భక్తికి బండంత జాగ ఉండంగ, నంబరు మీదనే పొయ్యాల్నా నూనె?"

"నొసలని చూపించిందెవరు?"

"మజాక్‌కన్న!"

"మీ మజాక్‌కే పద్దెనిమిదేండ్లు పూజ చేసిన."

ఆయనకు నవ్వు వచ్చింది గానీ, నవ్వలేదు. మరునాడే డయాలసిస్. ఆ తిరుగు ప్రయాణంలో అత్తమ్మ చెయ్యి నా చేతి మీద అదురుతుంటే, ఈ అదురు ఇంకెన్నాళ్లు సాగినా అది నా చేతిపనే అవుతుందనిపించింది. చేసిన పూజే అడ్డం పడుతుందా అని దేవుణ్ని అడగాలనుకున్నాను. అడగలేదు. దారి చూపించమని మాత్రం అన్నాను.

దారి అత్తమ్మ చూపించింది. ఇంటికి వచ్చి పడుకుని, కళ్లు మూసుకునే అంది: "దీపపు కుందులు తోముతవు గదా పిల్లా. ముందుగాల వాటికేం జేస్తవ్?"

"నూనె రాసి నానబెడ్త."

"మరి గదే జెయ్యి."

ఆ మధ్యాహ్నం వేడి నూనెలో ముంచిన గుడ్డ దాని మీద వేసి ఉంచాను. తెల్లవారి స్నానం, దీపం అయ్యాక, కుంకుడు రసం, చింతపండు పులుసు, మెత్తటి పాత చీర ముక్క పట్టుకుని స్టూలు మీద ఎక్కాను. నా గోటికంటే గట్టిదేదీ తగలనివ్వలేదు. మొదటి పొర నల్లగా వచ్చింది. దాని కింద ఎర్రన, దాని కింద పసుపు, మళ్లీ ఎర్రన. ఏ పొర ఏ నాటిదో చెప్పలేను గానీ, ఒకటి మాత్రం మిగతావాటికంటే మందంగా ఉంది. అది మంటల నాటిదేననుకున్నాను. ఆ రోజు భరిణెలో ఉన్నదంతా పెట్టేశాను. ఊడి వచ్చినదంతా మోదుగాకులో వేసుకున్నాను. మామూలు చెత్త కాదు కదా, ఎవరూ తొక్కని చోట గన్నేరు మొదట్లో పోయాలి.

అడుగున తుప్పు కనపడింది. అంకెలను తినేసిందేమో అనుకున్నాను. చింతపండు పెట్టి, ఊది, తుడిచి, మళ్లీ పెట్టాను. మొదట ఒక ఎమ్ బయటపడింది. తరువాత ఒక్కొక్కటే. అన్నీ వచ్చాయి, నడుమ ఒకటి తప్ప. ఎనిమిదా, బీయా? వేలి కొసతో తడిమాను. వీపు చక్కగా ఉంది.

"బీ!" అని అరిచాను.

లోపలి నుంచి ఆయన బనీనుతోనే పరుగెత్తుకొచ్చారు. మొదటి నుంచి చివరి దాకా నేనే చదివాను, ఆయన బండి పుస్తకం పట్టుకుని సరిచూశారు. ఒక్కటీ తప్పు పోలేదు. ఈ అక్షరాలు నాకు నేర్పిన బండి, తన పేరు నా చేతనే చదివించుకుని పోతోందనిపించింది. కళ్లు తుడుచుకోబోతే చేతులకు చింతపండు.

షోరూమ్ మనిషి వచ్చి పెన్సిలుతో రుద్దాడు. అచ్చు పడింది. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "అక్కా, మా దగ్గర ఇంకో నాలుగు బండ్లున్నయి, తోముతవా?" అన్నాడు.

బండిని తీసుకుపోయే రోజు, ఒట్టి నొసటితో ఇంటి నుంచి పంపడానికి నాకు మనసొప్పలేదు. ముందు అద్దం మూల మీద, వాన తగిలితే పోయేటంత చిన్న చుక్క పెట్టాను. ఎవరో డ్రైవరు తోలుకుపోయాడు. ఎప్పటిలాగే కల్వర్టు దగ్గర దగ్గింది. అలవాటు చొప్పున నేను పొయ్యి వైపు తిరిగాను. తిరిగి, ఆగిపోయాను. అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, మళ్లీ పడుకుంది.

కొత్త కారుకు రుద్రారం గుడి ముందు పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజారి "ఇగ స్టార్ట్ చెయ్యండి" అన్నారు. "చేసిన" అన్నారు మా ఆయన. పూజారి చెవి ఒగ్గారు. "ఏదీ?" అంటుండగానే కారు ముందుకు జరిగి నిమ్మకాయలు చితికాయి. పూజారి ఒక్క గెంతు గెంతి పక్కకు తప్పుకున్నారు. నేను కుంకుమ భరిణె పట్టుకుని కారు చుట్టూ తిరుగుతుంటే, మా ఆయన లోపలి నుంచే అరిచారు: "ఏడనన్న పెట్టు గాని, బానెట్ మాత్రం ఎత్తకు!"

ఇప్పుడు ఆయన కల్వర్టు దగ్గర రెండుసార్లు హారన్ కొడుతున్నారు. అత్తమ్మకు అది నచ్చలేదు, పాల ప్యాకెట్ల బండిలా ఉందంటుంది. అయినా వినపడగానే లేచి కూర్చుంటుంది.

కొత్త కారులో మొదటి డయాలసిస్ నాడు, తిరిగి వచ్చేటప్పుడు ఎప్పటిలాగే ఆమె చేతి కింద దిండు పెట్టి, దిండు కింద నా చెయ్యి పెట్టాను. ముత్తంగి దగ్గర బండ్లు ఆగాయి. మా కారు ఊరుకుంది. ఫ్యాను సన్నగా తిరుగుతున్న సవ్వడి తప్ప ఏమీ లేదు. ఇస్నాపూర్ వచ్చింది, రుద్రారం వచ్చింది, కంది దాటింది. ఇంకెంత దూరమని అడుగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. తల నా భుజం మీద వాలింది. సూది గుచ్చిన చెయ్యి కదలకుండా, పసిపిల్ల చెయ్యిలా తెరుచుకుని ఉంది. నేను లోలోపల నామం చెప్పుకుంటూ వచ్చాను.

మా గేటు ముందు కారు ఆగాక ఆమె కళ్లు తెరిచింది.

"దవాఖాన కాడ ఎంతసేపాయెరా కూసోని?" అంది కొడుకుతో విసుగ్గా. "ఇంక తియ్యవేందిరా బండి?"