అమ్మని మీరనాలా?

పోలవరం వెళ్ళే లాంచీలో పక్కన కూర్చున్న అమ్మాయి కొరియా పిల్లలా కనిపిస్తే కొరియన్‌లో పలకరించాను. ఆ దేశంలో రెండేళ్ళు ఉద్యోగం చేసొచ్చిన హుషారు నాది. ఆమె నవ్వి, తనని పసితనంలోనే డెన్మార్క్ దంపతులు పెంచుకున్నారని, కొరియన్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానని ఇంగ్లిషులో చెప్పింది. వచ్చే నెల కన్నతల్లిని మొదటిసారి కలవబోతోందట.

“డేనిష్‌లో అందరినీ ‘నువ్వు’ అనేస్తాం. కొరియన్‌లో మనిషిని బట్టి మాట మారిపోతుంది. అమ్మ దగ్గర తప్పుగా మాట్లాడతానేమోనని భయం.”

ఎదురుగా ఉన్న పెద్దావిడ సంగతేంటని అడిగితే తెలుగులో చెప్పాను.

“మనమూ అందరినీ అండీ అంటాం గానీ, కన్నతల్లిని మీరంటామేంటండీ? బాధపడదూ ఆవిడ? చనువుగా పిలవమనండి.”

ఆవిడ మాట అమ్మాయికి ఇంగ్లిషులో చెప్పి, కొరియాలోనూ చాలా ఇళ్ళల్లో అంతేనని కలిపాను. ఆ అమ్మాయి గొంతు సవరించుకుని, నీళ్ళవైపు తిరిగి, కొరియన్‌లో “ఒమ్మా” అని పిలిచి చూసుకుంది.

“అదేంటండీ, పిల్లకి తెలుగొచ్చుగా!” అంది పెద్దావిడ.